పిండి సంచి జెర్సీ

ఫుట్‌బాల్ గురించి నాకు ఖచ్చితంగా తెలిసినవి రెండే. బంతిని చేత్తో ముట్టుకోకూడదు. మ్యాచ్ నడుస్తున్నప్పుడు జర్మన్ల తలుపు కొట్టకూడదు. రెండోది ఇక్కడికొచ్చిన మొదటి నెలలోనే నేర్చుకున్నాను. మా ఇంట్లో ఆటంటే క్రికెట్టు, అది కూడా మా ఆయనకే. ఇరవై రెండు మంది ఒక తోలు బంతి వెంట పడితే ఊరంతా ఏడవడమేమిటని నవ్వుకునే మనిషిని నేను. అలాంటిదాన్ని, ఒక చలికాలమంతా లైప్‌జిగ్‌లో ఒక ముసలాయన వంటింట్లో కూర్చుని, భూగోళానికి అవతలి పక్కనున్న ఒక క్లబ్బు చరిత్రను నోరు తెరుచుకుని విన్నాను. ఆ క్లబ్బు మొట్టమొదటి జెర్సీ మీద నా చేతి గుర్తు కూడా ఒకటి ఉండిపోయింది. అదెలా జరిగిందో చెప్తాను.

మొదలు పార్సిళ్లతో. మాది లిఫ్టు లేని పాత బిల్డింగు, మేముండేది మూడో అంతస్తులో. మొదటి అంతస్తులో పెద్దాయన ఒక్కడే ఉంటాడు. పగలు ఇంట్లో ఉండేది ఆయనే కాబట్టి, మూడంతస్తులు ఎక్కే ఓపిక లేని పార్సిలువాళ్లు అందరి డబ్బాలూ ఆయన చేతిలో పెట్టి పోతారు. మా అమ్మ పంపే కారం, చింతపండు, వడియాలు అన్నీ ముందు ఆయన గడప తొక్కే మా ఇంటికొచ్చేవి. డబ్బా ఇచ్చేటప్పుడు ఓసారి వాసన పీల్చి, లోపలేముందో చెప్పమనేవాడు. వయసు డెబ్బై ఎనిమిది. యాభై ఏళ్లుగా ఇక్కడున్నా ఆయన జర్మన్‌కి యాస పోలేదు. నాది ఐదేళ్ల జర్మన్, దానికి యాస తప్ప ఇంకేమీ లేదు. మా ఇద్దరి మాటలు జర్మన్లకి అర్థమయ్యేవి కావు గానీ మాకు మాత్రం శుభ్రంగా అర్థమయ్యేవి.

నన్ను 'వెసీనా' అని పిలిచేవాడు. ఆయన మాతృభాష స్పానిష్‌లో పొరుగింటామె అని. నేను తాతా అనేదాన్ని. అర్థం చెప్పాక, పిల్లలే లేనివాడికి మనవరాలు రావడం బాగానే ఉందన్నాడు.

నవంబరులో ఒకరోజు డబ్బా ఇస్తూ, నీ ఫోనుతో కొన్ని ఫోటోలు తీసి పంపిపెడతావా అని అడిగాడు. వాళ్ల ఊళ్లో క్లబ్బుకి నూరేళ్లు నిండుతున్నాయి, మ్యూజియం పెడుతున్నారు, పాత వస్తువులేవైనా ఉంటే ముందు ఫోటోలు పంపమన్నారు. నేను సరేనన్నాను. ఐదు నిమిషాల పని అనుకున్నాను. ఆయన టీ పెట్టి, రొట్టె మీద అవకాడో మెదిపి పెట్టి, ఒక్కొక్క కాగితం తీసి దాని కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అవకాడో మీద కాస్త కారం, నిమ్మరసం చల్లుకుంటే బాగుంటుందని నేను చెప్పాను. ఐదు నిమిషాల పని మార్చి దాకా సాగింది. ప్రతి శనివారం మధ్యాహ్నం నేను కిందికి దిగిపోయేదాన్ని, మా ఆయన క్రికెట్టు ఆయన చూసుకునేవాడు.

నా ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పకపోతే నా బుద్ధి అర్థం కాదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పదేళ్లుగా ఎవరేం చేసిచ్చినా అది పనిచేయదనే నమ్మకంతో మొదలుపెట్టడమే నా పని. ఇంట్లో కూడా అంతే. చారులో ఉప్పు వేశానని మా ఆయన అంటే రుచి చూసే నమ్ముతాను. తాత కథల్ని కూడా ముందు అలాగే విన్నాను. ఎన్నో ఏడు, ఎంతమంది, ఎవరు చూశారు, ఎక్కడ రాసి ఉంది అని అడుగుతూ. ఆయన విసుక్కోలేదు. తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు. తెలియదని చెప్పగలిగినవాడు అబద్ధం ఆడడని నాకు మెల్లగా నమ్మకం కుదిరింది.

వాళ్లది చిలీ దేశం ఉత్తరాన, ఎడారికీ సముద్రానికీ మధ్య ఇరుక్కుపోయిన రేవు పట్నం. అక్కడ ఏళ్లకేళ్లు వాన పడదు. ఎడారిలో తవ్విన సురేకారాన్ని, అంటే ఎరువులకీ మందుగుండుకీ వాడే ఉప్పుని, ఓడలకెక్కించడమే ఆ ఊరికి బతుకు. మూటలు మోసే కూలీలు, రొట్టెలు కాల్చేవాళ్లు, పడవలవాళ్లు కలిసి క్లబ్బు పెట్టుకున్నారు. మైదానానికి గడ్డి లేదు, గడ్డికి పోయడానికి మంచినీళ్లు లేవు. అందుకని శనివారం సాయంత్రం ఊరంతా డబ్బాలతో సముద్రపు నీళ్లు మోసుకొచ్చి నేలంతా చల్లేవారు. తెల్లారేసరికి ఉప్పు పేరుకుని నేల సిమెంటు చేసినట్టు గట్టిపడేది. దాని మీద పడ్డవాడి మోకాలి గురించి చెప్పక్కర్లేదు, పుండు మీద కారం అని మనం మాటవరసకు అంటాం, వాళ్లకి నిజంగానే పుండు మీద ఉప్పు. గోలు స్తంభాలు విరిగిన ఓడ కొయ్యలు, వలలు చేపల వలలే. వారమంతా మూటలు మోసిన భుజాలతో ఆదివారం పరిగెత్తేవారు.

క్లబ్బు పెట్టిన రెండో ఏడు ఊళ్లో పిండి మిల్లు అంటుకుంటే, అదే డబ్బాలతో, అదే వరసలో నిలబడి ఆటగాళ్లు నీళ్లు అందించారట. మిల్లు దక్కలేదు. మళ్లీ కట్టలేదు కూడా. తర్వాత కొన్నేళ్లకి సురేకారానికి ధర పడిపోయి ఊరే ఖాళీ అయిపోయింది. ఒక ఏడాది క్లబ్బులో ఆడటానికి తొమ్మిదిమందే మిగిలారు. తొమ్మిదిమందితోనే ఆడారు. ఏడాదంతా ఓడిపోయారు, ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఎందుకు ఆడారు తాతా అని అడిగితే, ఆదివారం వచ్చింది కాబట్టి అన్నాడు.

ఒక భూకంపంలో మైదానం గోడ పడిపోయింది. బంతి రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతోంది. మళ్లీ గోడ కట్టేదాకా, దాదాపు ఏడాది పాటు, ప్రతి మ్యాచ్‌కీ జనం చేతులు పట్టుకుని గోడ ఉన్నచోట వరసగా నిలబడ్డారు. బంతి వచ్చి తగిలితే తిరిగి లోపలికి పోవాలి, అంతే. ఎదుటి జట్టు బంతి అయితే కాలు అడ్డుపెట్టి మనవాడి వైపు తోసేయొచ్చు కదా అన్నాను. ఆ ప్రశ్న ఆయనకి నచ్చలేదు.

"గోడ ఎవరి పక్షమూ ఉండదు వెసీనా," అన్నాడు.

 నేను నా జీవితంలో క్యూలో నా ముందున్నవాణ్ణి తోయకుండా నిలబడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మనుషులు ఏడాదిపాటు గోడగా ఉండి, గోడలాగే ప్రవర్తించారు. ఆ సాయంత్రం మెట్లెక్కి పైకి వచ్చి, మా ఆయనకి ఆ కథ చెప్పాను. ఆయన క్రికెట్టు ఆపి విన్నాడు, మా ఇంట్లో అది జరగని పని.

అక్కడ సైన్యం గద్దెనెక్కాక తాత దేశం విడిచి రావలసివచ్చింది. రేవు కార్మికుల సంఘంలో ఉండేవాడు, అదే నేరం. అప్పటి తూర్పు జర్మనీ ఆశ్రయమిచ్చింది. ఇంటి నుంచి ఉత్తరాలు తిరిగి తిరిగి రెండు నెలలకి చేరేవి. ప్రతి ఉత్తరం చివర వాళ్లక్క క్లబ్బు ఆడిన మ్యాచ్‌ల ఫలితాలు రాసేది. అంటే లైప్‌జిగ్‌లో ఆయన ఎప్పుడూ రెండు నెలలు వెనక బతికేవాడు. అక్కడ ఓడిపోయి అందరూ ఏడ్చి మరిచిపోయిన మ్యాచ్‌కి ఈయన ఇక్కడ ఆశ పెట్టుకుని ఉండేవాడు. ఒక్కసారే కప్పు గెలిచారట. ఆ కబురు మంచు పడుతున్న రోజున అందింది. ఇదే బిల్డింగు పెరట్లోకి దిగి ఒక్కడే గుండ్రంగా పరిగెత్తాడట. కిటికీలోంచి ఒకావిడ ఏమైందని అడిగితే, మేం గెలిచాం అన్నాడు. ఎప్పుడు అంది. రెండు నెలలైంది అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా కిటికీ మూసుకుంది.

ఇవన్నీ అయ్యాక, జనవరిలో, బీరువా అడుగు నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీశాడు. లోపల పల్చటి కాగితంలో చుట్టిన జెర్సీ. పాలమీగడ రంగుకి తిరిగిన తెల్ల గుడ్డ, ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా అడ్డంగా నీలం పట్టీ. చేత్తో కుట్టింది. ఆయన నాయనమ్మ, ఆమె వీధిలోని ఇంకొందరు ఆడవాళ్లు కలిసి మొదటి ఏడు పదకొండు జెర్సీలు కుట్టారట. తెల్లది మిల్లు నుంచి వచ్చిన పిండి సంచుల గుడ్డ, నీలం పట్టీ పడవలవాళ్ల పాత ప్యాంట్లది. పదకొండింట్లో మిగిలింది ఇదొక్కటే. ఇల్లు విడిచిన రోజున నాయనమ్మ దీన్ని ఆయన సంచిలో పెట్టి, ఎండ తగలనివ్వకు, నీలం వెలిసిపోతుంది అని మాత్రం చెప్పింది. అందుకే యాభై ఏళ్లుగా అది చీకట్లోనే ఉంది.

గుడ్డను ముట్టుకోగానే నా వేళ్లు గుర్తుపట్టాయి. మా అమ్మమ్మ హోటలువాళ్ల దగ్గర మైదా సంచులు తెచ్చి, సోడాలో ఉడకబెట్టి, దిండు గలీబులు కుట్టేది. ఎంత ఉతికినా గరుకు పోయేది కాదు, అక్షరాలూ పూర్తిగా పోయేవి కావు. ఆ గుడ్డ మీద చెంప ఆనించి పడుకుని పెరిగిన నాకు పిండి సంచి గుడ్డంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. తాతకి ఆ మాట చెప్తే ఆయన కళ్లు మెరిశాయి. ఫోను టార్చి వేసి ఇటూ అటూ, లోపలా బయటా వెతికాను. ఒక్క అక్షరం కనిపించలేదు.

వెతకడానికి కారణముంది. క్లబ్బువాళ్లు నూరేళ్ల పుస్తకం అచ్చేశారు. అందులో మొదటి జెర్సీలు ఒక విదేశీ ఓడల కంపెనీ మేనేజరు బహుమానమనీ, ఆయన పెట్టెలో పెట్టి ఓడలో తెప్పించాడనీ ఉంది. జట్టు మధ్యలో టోపీ పెట్టుకుని ఆయన నిలబడ్డ ఫోటో కూడా ఉంది. మేనేజరు జెర్సీలు ఇచ్చింది నిజమే, కానీ మూడో ఏడు, అనేది నాయనమ్మ. మొదటి రెండేళ్లూ మావే అనేది. ఆ ఆడవాళ్ల ఫోటో ఎవరూ తీయలేదు. తాతకి కావలసింది ఒకటే. మ్యూజియంలో ఆ జెర్సీ మొదటి అద్దాల పెట్టెలో ఉండాలి, కింద అట్ట మీద దాన్ని వీధి ఆడవాళ్లు కుట్టారని రాయాలి. తనకి ఇంకో కోరిక లేదన్నాడు. విమానమెక్కడానికి డాక్టరు ఒప్పుకోవడం లేదు, నేను పోలేను, అదైనా పోవాలి అన్నాడు.

మ్యూజియంవాళ్ల జవాబు మార్చిలో వచ్చింది. మర్యాదగా రాశారు. చాలా సంతోషం, తప్పకుండా పంపండి, అయితే ఆధారం లేకుండా పుస్తకంలో ఉన్నదాన్ని మార్చలేం, కాబట్టి దీన్ని అభిమానులిచ్చిన పాత వస్తువుల అలమారలో పెడతాం, అని. తాత అది రెండుసార్లు చదివి నాకు అర్థం చెప్పాడు. తర్వాత, చేతికుట్టు కదా, అది ఆధారం కాదా అని అడిగాడు. అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నాలోని టెస్టరు ఊరుకోలేదు. చేతికుట్టు ఆ రోజుల్లో ఎవరైనా కుట్టేవాళ్లే, కోర్టులో అది నిలవదు తాతా అన్నాను.  ఆయన లేచి టీ పెట్టాడు.  నిజం చెప్పానన్న గర్వం నాకు మెట్లెక్కేలోపే ఆవిరైపోయింది.

అయినా పంపాలనే నిర్ణయించుకున్నాడు. వాళ్ల ఊరి అమ్మాయి ఒకామె డ్రెస్డెన్‌లో చదువుకుంటోంది. ఏప్రిల్ నెలాఖరు గురువారం ఇంటికి పోతోంది, జెర్సీ పట్టుకెళ్తానంది. ముందు శనివారం పొద్దున్నే తాత నాకు ఆ డబ్బా ఇచ్చి, కింది అంచు దగ్గర కుట్టు ఊడిందనీ తన చేతులు వణుకుతున్నాయనీ చెప్పి, రెండు కుట్లు వేసిపెట్టమన్నాడు. ఏ అలమారలో పెట్టినా కుట్టు ఊడిన బట్టతో పంపితే నాయనమ్మ ఊరుకోదట. మా అమ్మమ్మ నేర్పిన కుట్టుంది కదా, సరేనని తెచ్చుకున్నాను.

మర్నాడు మా ఆయన పుట్టినరోజు. కొత్త చొక్కా కొనిపెట్టాను. ఆ శనివారం పొద్దున బల్ల మీద ఒకవైపు ఆ చొక్కా, ఒకవైపు జెర్సీ. కిటికీ దగ్గర కూర్చుని, ఊడినచోట పాత సూది రంధ్రాల్లోంచే కొత్త దారం పోనిచ్చి, బహు శ్రద్ధగా కుట్టాను. దారం కొరికి, మడత పెట్టి, చొక్కా మీద పెట్టాను. తర్వాత వంటింట్లోకి పోయి చిటికెడు పసుపు తడిపి తెచ్చి, చొక్కా కాలరు వెనక ఒక చుక్క పెట్టాను. అదే చేత్తో, మడత విప్పి, జెర్సీ అంచు మూల కూడా ఒకటి పెట్టాను.

పెట్టి, పసుపు గిన్నె మూత పెడుతుంటే చేసిందేమిటో తెలిసింది.

ఏం చెప్పను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కుట్టి తెచ్చిన బట్టకి పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకున్నది లేదు. ఇక్కడ కొన్న చలికోటుకి కూడా లోపలి జేబు మూల పసుపు పెట్టుకున్నాను. చేతికి అలవాటు, అది బుద్ధిని అడగదు. పదేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులు పట్టడమే ఉద్యోగమైనదాన్ని, నూరేళ్ల జెర్సీకి, అదీ ఇంకో ఐదు రోజుల్లో మ్యూజియానికి పోయేదానికి, వేలెడు పసుపు మరక పెట్టాను. మా ఆయన వచ్చి చూసి, జెర్సీ వైపు వేలు చూపించాడు.

"గది మ్యూజియంకు పొయ్యేది," అన్నాడు. "దానికి గూడ పసుపు పెట్టినవా?"

అప్పటికే నా చేతిలో సబ్బు ఉంది. అదృష్టవశాత్తూ మరకకి తగలకముందే అమ్మకి ఫోన్ చేశాను. కరీంనగర్‌లో భోజనాల వేళ. నేను ఏడుస్తూ చెప్పిందంతా విని అమ్మ తాపీగా, సబ్బు పెడితే ఎర్రగా అవుతుందనీ, నీళ్లు కూడా పోయొద్దనీ, ఒక రోజంతా ఎండలో వెయ్యమనీ చెప్పింది. ఎండలో వేయకూడని బట్ట అమ్మా అంటే, ఆమెకి అర్థం కాలేదు.

"ఎండల వెయ్యరాని బట్ట ఉంటదా బిడ్డా," అంది. "మంచికే పెట్టినవ్ గద, ఎందుకేడుస్తున్నవ్?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేను తిట్టుకుంటూ, జెర్సీ పట్టుకుని మొదటి అంతస్తుకి దిగాను. దాచాలన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. రెండో అంతస్తు దాకా దాచాలనే అనుకున్నాను. తాత తలుపు తీయగానే మాత్రం నోట్లోంచి మొత్తం వచ్చేసింది. ఆయన జెర్సీ అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పచ్చటి చుక్కను చాలాసేపు చూశాడు. ఎందుకు పెడతారు అని అడిగాడు. వేసుకునేవాళ్లకి ఏ కీడూ తగలకూడదని పెడతాం అన్నాను. నాయనమ్మ ప్రతి జెర్సీనీ ఆటగాడికి ఇచ్చేముందు దాని మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగేదని ఆయన అన్నాడు. ఏమని గొణిగేదో ఎప్పుడూ చెప్పలేదట.

ఇక మిగిలింది ఎండ. నీలం వెలుస్తుందనే భయం ఒకవైపు, పసుపు మరక ఇంకోవైపు. చివరికి తాతే తేల్చాడు. నీలం పట్టీ మీద మందపాటి గుడ్డ కప్పి, మిగతాది ఎండకి పెడదాం అన్నాడు. ఆదివారమంతా మబ్బు. పుట్టినరోజు కేకు తింటూ కూడా నేను ఆకాశమే చూశాను. లైప్‌జిగ్ ఏప్రిల్‌ని నమ్ముకుని మామిడికాయ ముక్కలు కూడా ఆరబెట్టలేం. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎదురు బిల్డింగు కప్పు మీదుగా ఎండ విరగకాసింది. ఆ రోజు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను, మీటింగులో ఉన్నాను. తలుపు చప్పుడైంది.  తీస్తే తాత, మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తుకి ఎప్పుడూ ఎక్కని మనిషి, రొప్పుతూ, గోడ పట్టుకుని.

"రా వెసీనా," అన్నాడు. "నాకు కళ్లద్దాలు కనపడటం లేదు, నువ్వు చదవాలి."

కళ్లద్దాలు ఆయన నుదుటి మీదే ఉన్నాయి. మీటింగు అలాగే వదిలేసి వెంట దిగాను.

వంటింటి కిటికీ రెక్కలు తెరిచి, వాటి మధ్య దండెం కట్టి, జెర్సీని చెక్క క్లిప్పులతో వేలాడదీశాడు. ముందువైపు పట్టీ మీద తువ్వాలు కప్పాడు. ఎండ అవతలి నుంచి వస్తోంది. మేం గదిలోంచి వీపు వైపు చూస్తున్నాం. వీపు గుడ్డ నిండా వెలుగు. ఆ వెలుగులో, భుజాల మధ్య, విల్లులా వంగిన అక్షరాలు, ఒకదాని కింద ఒకటిగా రెండు వరసలు. పక్కన గోధుమ వెన్నుల కట్ట బొమ్మ. గుడ్డ మీద ఏమీ లేదు, గుడ్డ లోపల ఉన్నాయి. మబ్బు అడ్డొస్తే మాయమవుతాయి, ఎండొస్తే మళ్లీ కనిపిస్తాయి. నేను ఎదురుగా టార్చి వేసి వెతికాను గానీ, వెనక నుంచి వెలుగు పెట్టాలని నా పదేళ్ల టెస్టింగు బుర్రకి తట్టలేదు.

నాకు వాళ్ల భాష రాదు. ఒక్కొక్క అక్షరం గట్టిగా చదివాను. అక్షరాలు తిరగబడి ఉన్నాయి, అచ్చు లోపలికి వచ్చేలా కుట్టారు కాబట్టి. మా అమ్మమ్మ దిండు గలీబుల మీది మైదా సంచి అక్షరాల్ని అద్దంలో చూసి ఇలాగే తిరగబడి చదువుకునేదాన్ని చిన్నప్పుడు. ఐదో అక్షరం దగ్గర తాత మిగతాది తనే పలికాడు. అది వాళ్ల ఊరి పేరు. పై వరస మిల్లు పేరు. కాలిపోయిన మిల్లు. వాళ్ల పుస్తకంలోనే ఉంది, క్లబ్బు పెట్టిన రెండో ఏడు కాలిపోయిందని. ఓడలో పెట్టెలో వచ్చిన జెర్సీ వీపు మీద ఊరి మిల్లు పేరు ఎలా ఉంటుంది? మేనేజరు మొదటి ఏడే మంచి జెర్సీలు ఇచ్చి ఉంటే పిండి సంచులు చించుకుని కుట్టుకోవాల్సిన కర్మ ఎవరికి? నాలోని టెస్టరు ఇంకో ప్రశ్న కోసం వెతికింది. దొరకలేదు. ఆ పూట, తప్పు దొరకనందుకు మొదటిసారి సంతోషించాను.

తాత కుర్చీలో కూర్చుండిపోయాడు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. నాకూ ఆగలేదు. పిండి సంచుల్ని సోడాలో ఉడకబెట్టి, ఇంకా పోని అక్షరాలు లోపలికి పోయేలా తిప్పి కుట్టిన ఆ ఆడవాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లు సిగ్గుపడి దాచిందే వాళ్లకి సాక్ష్యమైంది. నూరేళ్లు అది చీకట్లో అలాగే ఉంది. నేను ఆ కిటికీ ముందు నిలబడి చేతులు జోడించాను. గుళ్లో కూడా నేను అంత తొందరగా జోడించను.

ఎండ ఉన్నంతసేపూ ఫోటోలు తీశాం. ముప్ఫై తీసి, అక్షరాలు బాగా పడ్డవి ఏరి, ఆ మధ్యాహ్నమే పంపాం. జవాబు రెండు రోజులకి వచ్చింది. ఈసారి రాసింది మ్యూజియం బాధ్యురాలు. ఫోటోలు చూసి ఆఫీసులో అందరినీ పిలిచానని, పుస్తకం రెండో ముద్రణలో ఆ పేజీ మారుస్తామని రాసింది. జెర్సీ మొదటి పెట్టెలోనే ఉంటుంది. కుట్టినవాళ్ల పేర్లు పంపమంది. తాతకి తెలిసింది నాయనమ్మ పేరొక్కటే. మిగతావాళ్లు ఎవరో చెప్పలేనన్నాడు, వీధి పేరు మాత్రం చెప్పాడు. అలా అయితే వీధి పేరు రాస్తాం అన్నారు.

గురువారం డ్రెస్డెన్ అమ్మాయి వచ్చి డబ్బా పట్టుకెళ్లింది. పసుపు అప్పటికి చాలావరకు వెలిసింది, పూర్తిగా పోలేదు. ఇంకొక్క ఎండ తగిలితే పోయేది. గోరంత పచ్చదనం అంచు మూలలో మిగిలిపోయింది. నేను సిగ్గుతో ఆ మూలని లోపలి మడతలోకి తోశాను. తాత చూసి, డబ్బా మూత పెట్టేముందు దాన్ని మళ్లీ పైకి తీశాడు. 

మ్యూజియం జూన్‌లో తెరిచారు. ఆఫీసు నుంచి ట్రాములో వస్తుంటే మ్యూజియంవాళ్లు పంపిన ఫోటో నా ఫోనుకి వచ్చింది. అద్దాల పెట్టె, లోపల జెర్సీ, వెనక దీపం పెట్టారు, వీపు మీది అక్షరాలు వెలుగుతున్నాయి. కింద అట్ట మీద నాలుగు వరసలు. ఫోనులో తర్జుమా చేసుకుని చదివాను. క్లబ్బు మొదటి జెర్సీ. పిండి సంచితో కుట్టింది. నాయనమ్మ పేరు, ఆ పక్కన ఫలానా వీధి స్త్రీలు. చివరి వరస ఏమిటో మొదట అర్థం కాలేదు, రెండోసారి తర్జుమా చేశాను. కింది అంచున ఉన్న పసుపుని, జెర్సీని ఇంటికి పంపేముందు లైప్‌జిగ్‌లో ఒక పొరుగింటి స్త్రీ, వేసుకునేవాళ్లకి కీడు తగలకూడదని పెట్టింది, అని ఉంది.

నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. మూడు స్టాపుల తర్వాత దిగి, నడుచుకుంటూ వెనక్కి వచ్చాను. తాత తలుపు కొట్టి, అది మరక అని ఎందుకు చెప్పలేదు తాతా, శుభ్రం చేసేవాళ్లు కదా అన్నాను. ఆయన రొట్టె మీద అవకాడో మెదుపుతున్నాడు. పక్కన నా కారం సీసా ఉంది.

"నాయనమ్మ ఏం గొణిగేదో నాకు తెలియదు," అన్నాడు. "నువ్వేం అన్నావో తెలుసు. అందుకే తుడవొద్దన్నాను."